ఎడమ కాలి అంచు

ఆదివారం పొద్దున ఆడపడుచు వచ్చి, తండ్రి ప్యాంటు ఎడమ కాలిని మోకాలి దాకా పైకి మడిచింది. మడిచి, తమ్ముడి పెళ్ళాం వంక చూసింది. ఆ చూపు ఉంది చూశారూ, దానికి ఇస్త్రీపెట్టె అక్కర్లేదు, బట్ట దానంతటదే మాడిపోతుంది.

కోడలు ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి దగ్గరికి వచ్చింది. ముసలాయన పిక్క పక్కన నీలం మచ్చలు. ఒకటీ రెండూ కాదు, ఏడెనిమిది. కొన్ని పాతబడి పసుపు తిరిగాయి. రెండు మాత్రం నిన్నామొన్నటివి.

"ఇవి పంటిగాట్లు," అంది ఆడపడుచు. ఆస్పత్రిలో పాతికేళ్ళుగా నర్సు. గాయాన్ని చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల మనిషి. "చర్మం తెగలేదు కాబట్టి సరిపోయింది. నాన్న ఒంటి మీద చర్మం ఉల్లిపొర. ఊదితే కములుతుంది. నీకు కనపళ్ళేదా?"

"వాడు ఆటకి పట్టుకుంటాడు వదినా. గట్టిగా కరవడు."

"డెబ్భై ఆరేళ్ళ మనిషితో ఆటేమిటే? నీ ఇస్త్రీపెట్టె మీదున్న ధ్యాసలో సగం ఆయన మీద ఉంటే బాగుండును."

ముద్దాయి అక్కడే ఉంది. పేరు తోకచుక్క. ఒళ్ళంతా నలుపు, తోక చివర మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెలుపు. పద్నాలుగు నెలల ప్రాయం, మందలు కాసే జాతి. కుక్కే గానీ, కాలుకాలిన పిల్లిలా గుమ్మానికీ కుర్చీకీ మధ్య తిరుగుతూనే ఉంది. ముసలాయన కుర్చీలో కాలు కదిపితే ఆగి చూస్తుంది. కదపకపోతే మళ్ళీ తిరుగుతుంది.

గుమ్మంలో సైకిలు గొలుసుకి నూనె పెడుతున్న తమ్ముడు నోరు విప్పాడు. బస్సు షెడ్డులో మెకానిక్కు అతను. కుక్కని పిల్లప్పుడు తెచ్చినవాడూ అతనే. "నేను ఊరుకోలేదక్కా. రోజూ సైకిలు పక్కన పరిగెత్తిస్తున్నాను. మొదట్లో రెండు మైళ్ళు, ఇప్పుడు ఎనిమిది. అలిసిపోయి పడుకుంటుందని."

"అలిసిందా మరి?"

"నేనలిశాను."

అలసట తెప్పిద్దామనుకున్నవాడు దానికి కసరత్తు పెట్టాడు. ఎనిమిది మైళ్ళ గుండె తయారుచేసి, రెండు గదుల ఇంట్లో ఇరికించాడు.

"వారం రోజులు," అంది ఆడపడుచు, ప్యాంటు కిందికి దింపుతూ. "దీన్నెక్కడికైనా పంపించేయండి. లేదంటే నాన్నని నా క్వార్టర్‌కి తీసుకుపోతాను. ఒక్క గదే. నేను డ్యూటీకి పోయినప్పుడు బయట గొళ్ళెం పెట్టుకుపోవాలి, పెట్టుకుంటాను. అక్కడ కరిచేవాళ్ళైనా ఉండరు."

ముసలాయన అప్పుడు తలెత్తాడు. "గొళ్ళెం పెడితే డ్యూటీకెలా పోతానమ్మా?" అన్నాడు. రైలు పట్టాల వెంట నలభై ఏళ్ళు నడిచిన గ్యాంగ్‌మాన్ ఆయన. బోల్టు బోల్టుకీ స్పానరుతో కొట్టి, శబ్దం విని, వదులుంటే బిగించిన చెయ్యి. ఉద్యోగం అయిపోయి పదహారేళ్ళయినా ఆ కబురు ఆయన కాళ్ళకి అందలేదు. రోజుకి పదిసార్లు టోపీ పెట్టుకుని, స్పానరు పట్టుకుని బయల్దేరతాడు. కాసేపట్లో వెనక్కి వచ్చేస్తాడు. "మా మామయ్యకి మతిమరుపే గానీ దారి తప్పడు, నాలుగడుగులేసి తనే తిరిగొస్తాడు," అని కోడలు అందరికీ చెబుతుంది. నిజమనే చెబుతుంది.

నిజం కాదని చూడడానికి ఆమెకి వీలు లేదు. కరెంటు ప్లగ్గు లోపలి గోడకి ఉంది. ఇస్త్రీ బల్ల ఆ గోడకి ఆనించి ఉంది. పొద్దున ఏడు నుంచి ఆమె మొహం గోడకి, వీపు వీధికి. లాడ్జి దుప్పట్లు, బడి యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు. నీళ్ళు చిలకరించాలి, కాలరు మొదలెట్టాలి, భుజాలు, చేతులు, వీపు, చివరికి ముందుభాగం. కన్ను పక్కకి పోయిందంటే గోధుమరంగు మచ్చ, ఆ తర్వాత చీవాట్లు. వెనక ఏం జరుగుతుందో ఆమెకి చెవులతోనే తెలుసు. కుర్చీ కిర్రుమంటుంది. చెప్పులు గుమ్మం దాటుతాయి. వెనకే గోళ్ళ చప్పుడు. కాసేపటికి దూరంగా ముసలాయన కేకలు, "ఛీ! తప్పుకో! బండి టైమైంది!" ఆమె తల తిప్పకుండానే అరుస్తుంది, "ఒరేయ్ తోకచుక్కా! ఆయన జోలికి పోకు, వీపు చీరేస్తా!" తర్వాత చెప్పులు లోపలికొస్తాయి, గోళ్ళూ లోపలికొస్తాయి. కుర్చీ కిర్రుమంటుంది. రోజుకి పదిసార్లు ఇదే తంతు, పదిసార్లూ తిట్లు కుక్కకే.

సోమవారం మధ్యాహ్నం ముసలాయన కునుకు తీస్తుంటే ఆమె దాన్ని కలప డిపోకి నడిపించుకు పోయింది. యజమాని మంచివాడే, కూర్చోమని స్టూలు చూపించాడు. "మంచి చురుకైన సరుకే. మొరుగుతుందా?" అనడిగాడు.

"పెద్దగా మొరగడండీ. చూస్తాడు."

"మొరగడం నేర్పుతాంలే. కట్టేస్తే అదే వస్తుంది."

దుంగల పక్కన ఇనప స్తంభం. దానికి గొలుసు. స్తంభం చుట్టూ నేల మీద గుండ్రంగా, గానుగెద్దు తిరిగినట్టు, బెత్తెడు లోతు గాడి పడి ఉంది. అంతకుముందు కుక్క ఎన్నేళ్ళు తిరిగితే అంత గాడి పడిందో. ఆమె స్టూలు మీంచి లేచింది. "మా ఆయన్ని అడిగి చెబుతానండీ," అంది. మొగుణ్ణి అడిగి చేసిన పని ఆమె జీవితంలో ఒక్కటీ లేదు. ఇలాంటప్పుడు మాత్రం ఆయన భలే అక్కరకొస్తాడు.

మంగళవారం ఒక కుర్రజంట కారులో వచ్చి తీసుకుపోయారు. ఆ పిల్ల కుక్కని హత్తుకుని పాతిక ఫోటోలు తీసుకుంది. రాత్రంతా నిద్రలేని ముసలాయన ఆ పూట కుర్చీలో గుర్రుపెట్టాడు. పొద్దున తొమ్మిదికి తీసుకుపోయినవాళ్ళు పన్నెండున్నరకి వెనక్కి తెచ్చారు. కుక్క నోటి పక్కన దూది. "ఆంటీ, మా సోఫా..." అని ఆ పిల్ల ఇంకో ఫోటో చూపించింది. కుర్రవాడు మాత్రం, "మా ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ ఒక మూలకి తోలి నిలబెట్టిందండీ, బాత్రూంకి కూడా పోనివ్వలేదు," అన్నాడు, కోపమో మెచ్చుకోలో తెలియకుండా.

ఆ మాట విన్నవాడు లాడ్జి దుప్పట్లు తెచ్చే వ్యాను డ్రైవరు. మూట దింపుతూ ఆగాడు. "అమ్మా, ఆ కుక్కకి మనుషులు కాదు కావలసింది. కొండ కింద ఒకావిడ ఉంది, మూడొందల గొర్రెలు. మొన్న చలికి ముసలి కుక్క పోయిందట. నోరు మాత్రం చెడ్డది, ఓర్చుకో."

బుధవారం సాయంత్రం ముసలాయన్ని మొగుడికి అప్పజెప్పి, కుక్కతో వ్యానులోనే పోయింది. రాతి గోడ, గోడ వెనక పచ్చిక, పచ్చిక మీద గొర్రెలు. మందామె కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వచ్చినామె మొహం చూడలేదు, కుక్కని చూసింది.

"తాడు విప్పు."

"పారిపోతాడేమో అండీ."

"పారిపోతే నీకు తిరుగు ప్రయాణం తేలిక. విప్పు."

తాడు విప్పగానే తోకచుక్క ఎగిరింది. గోడ దాటి, పచ్చిక అంచు పట్టుకుని, పొట్ట నేలకి తగిలేలా వంగి పరుగు. గొర్రెలు ముద్దగా కదిలాయి. కోడలు గుండె పట్టుకుంది. మందామె కదలలేదు.

"పరుగు ఎవడైనా పరిగెడతాడు," అంది. "ఆగడం చూడాలి."

కుక్క మందని చుట్టి అవతలి వైపు తేలింది. అక్కడ, ఎవరో చెప్పినట్టు, ఆగింది. ఒక ముందు కాలు గాలిలోనే ఉంచి, మెడ చాచి, కళ్ళతో మందని పట్టుకుంది. ఒక గొర్రె పక్కకి జరిగితే ఒక్క అడుగు వేసింది. గొర్రె వెనక్కి చేరింది. అడుగు వెనక్కి తీసుకుంది.

మందామె గడ్డం కర్ర మీంచి లేచింది. "ఇంట్లో ఏం పని చేసేవాడు?"

"పనేముందండీ? అల్లరి."

"పని లేని కుక్క ఇలా ఆగదు. రోజూ దేన్నో తిప్పినవాడు వీడు. ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ."

మందామె అప్పుడు మొదటిసారి ఆమె మొహం చూసింది, అబద్ధం చెబుతున్న మనిషిని చూసినట్టు. ఆ తర్వాత, "వాడు ఇటు చూడకముందే వెళ్ళిపో," అంది. "చెప్పి పోవాలనుకోకు. చెప్పిపోవడం మనుషుల సుఖం కోసం."

వ్యాను దాకా ఆమె వెనక్కి తిరగలేదు. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. మంచి చోటు దొరికిందనే సంతోషం ఉండాలి, ఉంది కూడా. ఇంటి దగ్గర దిగేదాకా ఆ చుట్లు మాత్రం విప్పలేదు.

గురువారం మొగుడికి సెలవు. తండ్రి పక్కనే కూర్చుని పేపరు చదివాడు. పాత స్టేషను మాస్టర్ల పేర్లు అడిగి ఆయన్ని మాటల్లో పెట్టాడు. శుక్రవారం షెడ్డుకి పోయాడు. ఇల్లు హాయిగా ఉంది. గోళ్ళ చప్పుడు లేదు, కేకలు లేవు. లాడ్జి దుప్పట్లు ఒకదాని తర్వాత ఒకటి మడతపడుతుంటే, ఇంత ప్రశాంతంగా పని సాగి ఎన్నాళ్ళయిందో అనుకుంది కోడలు. పదిహేనో దుప్పటి మడిచాక, కేక ఒక్కటీ వినపడలేదని తోచింది. అప్పుడు తల తిప్పింది.

కుర్చీ ఖాళీ. కింద గ్లాసులో టీ మీద మీగడ కట్టి ఉంది.

ఇస్త్రీపెట్టె ఆపిందో లేదో ఆమెకి గుర్తు లేదు. వీధి చివర మూల, మూల మీద ఎడమకి తిరిగితే కంకర గట్టు, గట్టు మీద పట్టాలు. ఒక చెప్పు మూల దగ్గరే ఊడిపోయింది. గట్టెక్కేసరికి గూడ్సు బండి ఆగి ఉంది, ఇంజను రొప్పుతోంది. దాని ముందు నలభై గజాల్లో, రెండు పట్టాల మధ్య, ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు మీద స్పానరుతో కొడుతున్నాడు. ఒకసారి కొట్టి చెవి పెడుతున్నాడు. పక్కన గేటుమాన్ ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు.

"రైలు గేటు దగ్గర్నించి చూశానమ్మా, కాబట్టి," అన్నాడు అతను. ఆ 'కాబట్టి' తర్వాత ఇంజను వైపు చూశాడు.

ముసలాయన తలెత్తి కోడల్ని చూశాడు. "ఇది గట్టిగానే ఉందమ్మాయ్," అన్నాడు తృప్తిగా. "నువ్వు కంగారు పడకు."

ఇంటికొచ్చాక దుప్పట్ల మీద పొగ వాసన. పదహారోది మాడి బొక్క పడింది.

శనివారం ఆయన్ని మతిమరుపు డాక్టరుకి చూపించాలని ఆడపడుచు ఏర్పాటు చేసింది. "మంచి బట్టలు వెయ్యి," అని కబురంపింది. కోడలు ఆయన ప్యాంట్లు మూడూ బల్ల మీద వేసింది. ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసే చెయ్యి ఇంట్లోవాళ్ళ బట్టలు ముట్టదు. ఉతికి, తీగ మీంచి తీసి, అలాగే తొడగడమే. ఆ ముసలాయన ప్యాంటు ఆ బల్ల ఎక్కడం అదే మొదలు.

నీళ్ళు చిలకరించి, ఎడమ కాలు పరిచి, అంచు దగ్గర ఇస్త్రీపెట్టె ఆపింది.

బట్టలు చూసి మనుషుల సంగతి చెప్పగలదు ఆమె. ఏ మోచెయ్యి బల్ల మీద ఆనుతుందో, ఎవరు జేబులో చేతులు పెట్టుకుని తిరుగుతారో, ఏ చొక్కాకి కొత్త సెంటు పట్టిందో. ఎడమ కాలి అంచుకి జానెడు పైన, బయటి పక్కన, చిన్న చిన్న నొక్కులు. రెండేసి, రెండేసి. దారాలు తెగలేదు. నొక్కి లాగినట్టు సాగాయి. అన్నీ ఒకే వైపుకి సాగాయి, వెనక్కి. కుడి కాలు తిప్పి చూసింది. కుడి కాలికి ఏమీ లేదు. రెండో ప్యాంటు తీసింది. అదే ఎడమ కాలు, అదే ఎత్తు, అదే వెనక్కి. మూడోది తీయడానికి చేతులు రాలేదు, అయినా తీసింది.

ఏడిపించే కుక్క వెనకనుంచి మడమలు పట్టుకుంటుంది, దొరికిన కాలల్లా పట్టుకుంటుంది. ఇది అలా కాదు. మూల మీద పట్టాలు ఎడమ పక్కన. పట్టాలకీ ఆయనకీ మధ్య నిలబడి, ప్యాంటు కాలిని పళ్ళతో పట్టుకుని, ఇంటివైపు లాగింది. రోజుకి పదిసార్లు. బట్ట చిరగకుండా. చర్మం తెగకుండా. ఉల్లిపొర చర్మం కాబట్టి కమిలింది.

ఆడపడుచు వచ్చేసరికి ఆమె అలాగే నిలబడి ఉంది. మూడు ప్యాంట్లూ వరసగా పరిచి చూపించింది. నర్సు వంగి, నొక్కుల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే తడిమింది. గాయాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల మనిషి కదా. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మూల మీద," అంది చివరికి.

"ఊఁ."

"నేను పంటిగాట్లు అన్నాను కదే."

"పంటిగాట్లే కదా వదినా. తప్పేం చెప్పావు?"

ఆడపడుచు తండ్రి కుర్చీ పక్కన కూర్చుంది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇవాళ డాక్టరు పని నేను చూస్తాను. రేపు వెళ్ళి వాణ్ణి తెచ్చుకో," అంది. "నేను సెలవు పెడతాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా. ఆవిడ కాళ్ళు పట్టుకోవాల్సొస్తే పట్టుకో, నేను పట్టుకోమన్నానని చెప్పు."

ఆదివారం బస్సు దిగి గోడ దాకా నడిచింది. చేతిలో అదే తాడు. దారి పొడుగునా మందామెతో ఏమనాలో మాటలు కూడగట్టుకుంది.

మంద వాలు దిగుతోంది. ఒక ముసలి గొర్రె, ఒక కన్ను తెల్లబడింది, మాటిమాటికీ మందని వదిలి పల్లపు గండి వైపు పోతోంది. తోకచుక్క దాని గుడ్డికన్ను పక్కకి చేరింది. పళ్ళు చూపలేదు. భుజం ఆనించింది, అంతే. గొర్రె ఆగింది, ఆలోచించింది, తనకే తోచినట్టు మంద వైపు తిరిగింది. పది అడుగులేసి మళ్ళీ గండి వైపు. మళ్ళీ భుజం. విసుగు లేదు, మొరుగు లేదు. ఇంట్లో గుమ్మానికీ కుర్చీకీ మధ్య తిరిగిన ఆ తిరుగుడు ఎక్కడా లేదు. పని లేనప్పుడు గడ్డిలో పొట్ట ఆనించి పడుకుని, నాలుక బయటపెట్టి చూస్తోంది. అది పడుకోగలదని కోడలికి ఆవేళే తెలిసింది.

"తీసుకుపోవడానికి వచ్చావా?" మందామె వెనక నిలబడి ఉంది.

కోడలు చెప్పింది. ప్యాంట్లు, మూల, గూడ్సు బండి, వెనక్కి సాగిన దారాలు. ఏడవకుండా చెప్పింది. మందామె బూటుతో గడ్డిని కెలుకుతూ విన్నది.

"అన్నాను కదా, ఎవరో నేర్పారని. మీ మామగారే నేర్పారన్నమాట." కర్రతో ఆ ముసలి గొర్రెని చూపించింది. "రెండ్రోజులు తిన్లేదు. రోడ్డు వైపే మొహం. మూడోనాడు ఆ గుడ్డిది పోయి పక్కన పడుకుంది. అది గండి వైపు పోతుంటే చూడలేక లేచాడు. ఆ తర్వాత తిన్నాడు."

"అమ్మా, మా ఇంట్లో..."

"నన్నడక్కు. వాణ్ణి పిలువు. వస్తే నీవాడే, నేనడ్డుపడను. మీ ఇంట్లోనూ పనుంది, కాదనను. కానీ ఆ పని ఒక్కటే, రెండు గదుల్లో, ఆయన పడుకుంటే అదీ లేదు. ఆయన పోయాక అసలే లేదు. ఒక్కటి మాత్రం చెబుతున్నా. పిలిచాక మళ్ళీ పంపొద్దు. రెండోసారి వీడు లేవడు."

కోడలు గోడ మీద చేతులు పెట్టింది. పేరు నాలుక చివరికి వచ్చింది.

గాలి తిరిగిందో ఏమో, కుక్క తలెత్తింది. ముక్కు గాలిలో పెట్టి, గోడ వైపు చూసింది. గుర్తుపట్టింది. తోక చివర తెలుపు ఒకసారి ఊగింది, ఇంకోసారి ఊగింది. లేచి, ఒక ముందు కాలు గాలిలో ఉంచి నిలబడింది. ఉరికి రాలేదు. మాట కోసం చూసింది. ఇన్నాళ్ళలో ఆమె దాన్ని ఎన్ని మాటలు అందో, అన్నీ తిట్లే. ఇప్పుడు కావలసింది ఒక్కటే, అది తిట్టైనా సరే, వచ్చేసేది.

ఆమె పెదాలు బిగించింది. గోడ రాయి అరచేతుల్లో దిగింది.

కుక్క చూస్తూనే ఉంది. ఇంతలో గుడ్డి గొర్రె గండి వైపు ఒక అడుగు వేసింది. కుక్క చెవి అటు తిరిగింది. మొహం ఇంకా ఇటే ఉంది. గొర్రె రెండో అడుగు వేసింది.

కుక్క వెళ్ళింది.

తాడు మందామె చేతిలో పెట్టి, ఆమె బస్సు కోసం నడిచింది. చెప్పి పోలేదు.

గుమ్మంలో మొగుడు, లోపల ఆడపడుచు, ఇద్దరూ ఆమె వెనక వీధిలోకి చూశారు. "ఏడీ?" అన్నాడు మొగుడు.

"వాడికి ఖాళీ లేదండీ," అని లోపలికి పోయి మొహం కడుక్కుంది. ఆడపడుచు సంచీ భుజాన వేసుకుంది, దింపింది, మళ్ళీ వేసుకుంది. గొళ్ళెం ఊసెత్తలేదు. మొగుడు ప్లగ్గున్న గోడ కేసి చూసి, పొడుగు వైరు తెచ్చి ప్లగ్గుకి బిగించాడు. ఇద్దరూ కలిసి బల్లని గుమ్మంలోకి జరిపారు. మొహం వీధికి వచ్చేలా.

సోమవారం ఏడింటికి మొదటి చొక్కా కాలరు అయిందో లేదో, ముసలాయన టోపీ పెట్టుకున్నాడు. ఆమె ఇస్త్రీపెట్టె ఆపి వెనకే నడిచింది. మూల మీద ఆయన ఎడమకి తిరగబోతే ఆ పక్కకి చేరి భుజం ఆనించింది. ఆయన ఆగాడు, ఆలోచించాడు, ఇంటి వైపు తిరిగాడు. రెండో చొక్కా చేతుల దాకా వచ్చింది. మళ్ళీ టోపీ. మూడోసారి ఆయన ఆమెని మోచేత్తో పొడిచాడు. అయిదోసారి బూతు తిట్టాడు. ఎనిమిదోసారికి ఆమె పిక్కలు పట్టేశాయి, బల్ల మీద తడి చొక్కాలు అలాగే ఆరిపోయాయి, పన్నెండు కూడా కాలేదు. దీన్ని ఒక పసికూన ఎవరూ చెప్పకుండా, తిట్లు తింటూ, రోజంతా చేసింది. చేసి, సాయంత్రం ఎనిమిది మైళ్ళు సైకిలు పక్కన పరిగెత్తింది.

ఎనిమిదోసారి తిప్పుకొచ్చాక ఆమె గుమ్మం మీద కూలబడి, మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. ముసలాయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి వంగి చూశాడు.

"ఏం పోయిందమ్మాయ్?"

"ఏం పోలేదు మామయ్యా. మనవాడికి ఉద్యోగం దొరికింది."

"దూరమా?"

"దూరమే."

"మంచి ఉద్యోగమేనా?"

"చాలా మంచిది."

"మరి ఏడుస్తావేం, పిచ్చిపిల్లా!" అని ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆ చెయ్యి తీసి, టోపీ సర్దుకుని లేచాడు.

ఆమె కూడా లేచి, ఆయన ఎడమ పక్కకి వెళ్ళింది.